పసుపు అంత పసుపుగా ఉండదు

ల్యాండ్‌స్కేప్ ఫొటోలు మొదలుపెట్టిన వాళ్లందరూ రెండు మూడు నెలలకి ఒకే కంప్లయింట్ దగ్గరికి వస్తారు. ‘అక్కడ నిలబడి చూసినప్పుడు అదిరిపోయింది, ఫొటోలో మాత్రం ఏమీ లేదు.’ ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా తెలిసిందే. ‘ఏ కెమెరా కొనమంటారు?’

ఈ వారం కెమెరా కొనే మాట పక్కన పెడదాం. ఫొటో ఎక్కడ తేలిపోతోందో, ఎందుకు తేలిపోతోందో మా ఆర్మూర్ చుట్టుపక్కల నాలుగైదు చోట్లు పట్టుకుని చూద్దాం. స్విట్జర్లాండ్ కొండలకీ ఐస్‌లాండ్ జలపాతాలకీ యూట్యూబ్‌లో బోలెడంత మంది గురువులున్నారు. పసుపు కల్లానికి ఎవరూ లేరు.

ఆర్మూర్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు వెళ్లే 63వ నంబర్ రహదారి కలిసే చోట ఉంటుంది. ఊరిని ఆనుకునే సిద్ధులగుట్ట. నల్లటి బండరాళ్లు ఎవరో తీరిగ్గా పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన నవనాథ సిద్ధేశ్వరాలయం. తొమ్మిది మంది సిద్ధులు తపస్సు చేసిన చోటు కాబట్టి, ఆరూ మూడూ కలిపి ‘ఆరుమూరు’ అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న, వరి. ఉత్తరాన పోచంపాడ్ దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు, దాని 42 గేట్లు. గుట్ట, చేను, నీళ్లు మూడూ అరగంట ప్రయాణంలో దొరుకుతాయి. ప్రాక్టీసుకి ఇంతకంటే ఏం కావాలి?

ముందు గుట్ట సంగతి చూద్దాం.

దూరం నుంచి చూస్తే సిద్ధులగుట్ట పెద్దగా, గంభీరంగా కనిపిస్తుంది. ఫోన్ తీసి క్లిక్ కొడితే చీమంత. పైన సగం ఖాళీ ఆకాశం, కింద సగం తారు రోడ్డు, మధ్యలో ఒక నల్ల గీత. ఇది ఫోన్ తప్పు కాదు, లెక్క. ఫోన్‌లో మెయిన్ కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. అడ్డంగా పట్టుకుంటే పైనుంచి కిందికి సుమారు 50 డిగ్రీల మేర చూస్తుంది. వంద మీటర్ల ఎత్తున్న గుట్ట ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. అది పైనుంచి కిందికి ఆక్రమించేది మూడు డిగ్రీల కంటే కొంచెం తక్కువ. యాభైలో మూడు. ఫొటో ఎత్తులో దాదాపు పదిహేడో వంతు. మనం నిలబడి చూసేటప్పుడు మెదడు ఆ గుట్టనే పట్టుకుని మిగతాదంతా వదిలేస్తుంది. కెమెరాకి ఆ తెలివి లేదు, ఉన్నదంతా రాసుకుంటుంది.

దీనికి దారులు రెండే. ఒకటి, టెలి లెన్స్. 3ఎక్స్ పెట్టి, ఇంకాస్త వెనక్కి నడిచి, ముందు ఒక పసుపు చేను గెట్టు వచ్చేలా నిలబడండి. చేను దగ్గరికి వస్తుంది, గుట్ట దాని వెనకాలే గోడలా లేస్తుంది. (మీ ఫోన్‌లో 3ఎక్స్ నిజంగా వేరే లెన్సా, లేక మెయిన్ కెమెరాని కత్తిరించి చూపిస్తోందా అనేది ముందే తెలుసుకోండి. 3ఎక్స్ పెట్టి ఒక్కో లెన్స్ మీద వేలు అడ్డం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కొన్ని ఫోన్లు వెలుతురు తక్కువైతే చెప్పకుండా మెయిన్ కెమెరాకి మారిపోతాయి కాబట్టి ఈ పరీక్ష ఎండలో చేయండి.) రెండోది, గుట్ట ఎక్కేయడం. బండరాయికి రెండడుగుల దూరంలో కూర్చుని అల్ట్రావైడ్ పెట్టండి. ముందున్న రాయి ఏనుగంత అవుతుంది, దాని మీది పగుళ్లు, నాచు మరకలు కూడా కథలో పాత్రలవుతాయి, ఊరు దూరంగా కింద పరుచుకుంటుంది. ఈ రెండింటికీ మధ్యలో, రోడ్డు పక్కన నిలబడి మామూలు 1ఎక్స్‌తో తీసేదే అందరూ తీసేది, ఎవరికీ నచ్చనిది. అన్నట్టు, 44వ నంబర్ రోడ్డు మీద మాత్రం బండి ఆపకండి. లారీలు ఎలా వస్తాయో రోజూ ఆ దారిలో తిరిగే వాళ్లని అడగండి.

లెన్స్ ఏదైనా, నొక్కేముందు ఒక పని చేయండి. ఈ ఫొటో దేని గురించో ఒక్క వాక్యంలో పైకి చెప్పండి. పక్కన ఎవరైనా ఉంటే కాస్త వింతగా చూస్తారు, ఫరవాలేదు. ‘గుట్ట నీడ పసుపు చేను మీద పడుతోంది’ అంటే అది ఒక ఫొటో. ‘గుట్ట, దాని కింద చేను, చేన్లో కొంగలు, పక్కన ట్రాక్టర్, పైన మబ్బులు’ అంటే అవి ఐదు ఫొటోలు. ఐదింటినీ ఒక్క ఫ్రేములో కుక్కితే ఒక్కటీ మిగలదు. వాక్యంలో లేని వస్తువు ఫ్రేములో ఉంటే అడుగు ఎడమకో కుడికో వేసి తప్పించండి. మన ఊళ్లల్లో తొంభై శాతం ఆ వస్తువు కరెంటు స్తంభమే.

ఇక వెలుతురు. ఇక్కడ పాఠాల్లో చెప్పని విషయం ఒకటి ఉంది.

ఏ ట్యుటోరియల్ చూసినా ‘గోల్డెన్ అవర్’ అంటారు. పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దుగూకే ముందు ఒక గంట. ఆ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది ఉండేది భూమధ్యరేఖకి ఎంతో దూరంలో. లండన్‌లో డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పొద్దు పొడిచాక 10 డిగ్రీలు ఎక్కడానికే గంటన్నర దాటుతుంది. వాళ్లకి చలికాలంలో దాదాపు రోజంతా బంగారమే. ఆర్మూర్ 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాదు, ఇంచుమించు నిటారుగా లేస్తాడు. జనవరి మధ్యలో 6:50 దాటాక పొద్దు పొడిస్తే, 10 డిగ్రీలు ఎక్కడానికి పట్టేది ముప్పావు గంట. ఏడున్నర దాటి పది నిమిషాలయ్యేసరికి ఆట అయిపోతుంది. నీడలు పొట్టివవుతాయి, రంగు తెల్లబడుతుంది. కాబట్టి మన దగ్గర దాని పేరు బంగారు ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో చోటు వెతుక్కుంటూ తిరిగితే మిగిలేది పావు గంటే. ముందురోజు సాయంత్రమే వెళ్లి ఎక్కడ నిలబడాలో చూసుకుని, తెల్లారి ఆరుంబావు కల్లా అక్కడ ఉండాలి. సూర్యుడు రాకముందు అరగంట ఆకాశం చేసే పని కూడా తక్కువదేం కాదు.

ఇంకో విషయం. సూర్యుడు రోజూ ‘తూర్పున’ ఉదయిస్తాడని బడిలో చదువుకున్నాం గానీ, సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండు రోజులే. ఆర్మూర్‌లో డిసెంబర్ చివర్లో తూర్పుకి 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర్లో 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. మొత్తం 50 డిగ్రీల ఊగిసలాట. ఇందాక చెప్పిన 26 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఇది ఫ్రేము వెడల్పులో మూడింట రెండొంతులకి పైనే. గుట్ట మీద రెండు రాళ్ల సందులోంచి సూర్యుణ్ని పట్టుకోవాలని ఉందా? అది ఏడాదిలో కొద్ది రోజులే కుదిరే ఫొటో. దిక్సూచి యాప్ తీసి ఆ సందు ఏ డిగ్రీలో ఉందో రాసుకోండి, సూర్యుడి దారి చూపించే యాప్‌లో ఆ డిగ్రీకి ఏ తేదీన వస్తాడో చూసుకోండి. క్యాలెండర్లో రిమైండర్ పెట్టుకుని అప్పుడు రండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి రిమైండర్లు కొత్తా?

మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయకూడదని కూడా అంటారు. ఎండాకాలంలో ఒప్పుకుంటాను. మే మధ్యలో అయితే ఒక రోజు మధ్యాహ్నం ఇక్కడ నిటారు వస్తువుకి నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. నీడ లేకపోతే ఆకారం లేదు. కానీ జూలై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బు పట్టిన మధ్యాహ్నాలు పసుపు చేలకి మంచి టైమ్. పసుపు ఆకు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. ఎండలో అద్దంలా మెరిసి తెల్ల మరకలు పడతాయి. మబ్బు వెలుతురులో మెరుపు తగ్గి ఆకుపచ్చ తిరిగొస్తుంది. మిగిలిన కాస్త మెరుపు పోలరైజర్ తీసేస్తుంది. అది లేకపోతే పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు ఫోన్ లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో ఆకు మీది తెలుపు మాయమవుతుంది. ఎక్కువమందికి తెలియని చిట్కా, ఖర్చు సున్నా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రంగు.

‘ఆర్మూర్ పసుపు’ అనగానే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తోంది? నిండు పసుపు సముద్రం, మధ్యలో ఎర్ర చీరలో ఒక మనిషి. సోషల్ మీడియాలో కనిపించే ఫొటో అదే. కానీ కల్లం దగ్గరికి వెళ్తే అక్కడ అలాంటి రంగు ఉండదు. జూన్‌లో పెట్టిన పంట ఆకులు ఏడాది చివరికి ఎండుతాయి. జనవరి నుంచి తవ్వకాలు. తవ్విన దుంపకి మట్టి. ఉడకబెట్టి ఆరబోస్తే మట్టి రంగు కలిసిన ముదురు గోధుమ పసుపు. పది పదిహేను రోజులు ఎండాక ముడతలు పడి ఇంకా మసకబారుతుంది. డ్రమ్ములో పాలిష్ పట్టాకే కాస్త పచ్చబడుతుంది. నిజమైన పసుపు రంగు కొమ్ము లోపల ఉంటుంది. అందుకే యార్డులో వ్యాపారి పైన చూసి ఊరుకోడు, కొమ్ముని పుటుక్కున విరిచి లోపల చూస్తాడు.

ఫోన్‌కి ఇవేవీ తెలియవు. ‘పసుపు’ కనిపించగానే ఇంకొంచెం పసుపు పోస్తుంది. మనం ఎడిటింగ్‌లో సాచురేషన్ స్లైడర్ పట్టుకుని ఇంకొంచెం పోస్తాం. ఫలితం మీరు చూసే ఉంటారు. కుప్పలో కొమ్ము కొమ్ముగా కనిపించదు, పెయింట్ డబ్బా ఒలికినట్టు ఒక ముద్ద. ఎందుకలా అవుతుందో చెబుతాను, ఇది తెలిస్తే ముద్దమందారాల నుంచి ఎండుమిర్చి కల్లాల దాకా ఏ గాఢమైన రంగుకైనా పనికొస్తుంది.

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలుంటాయి, సున్నా నుంచి 255 దాకా. పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా కలిపితే వచ్చేది. నారింజ వైపు మొగ్గే మన పసుపులో ఎరుపు అంకె అన్నిటికంటే పెద్దది. పొద్దుటి ఎండ తోడైతే అది ఇంకా పెరుగుతుంది. 255 దాటితే ఇక పెరగడానికి చోటు లేదు, అక్కడే ఆగిపోతుంది. పక్కపక్కన ఉన్న వంద చుక్కల్లో ఎరుపు అన్నింటిలోనూ 255 అయితే, వాటి మధ్య తేడా చాలావరకు పోయినట్టే. ముడత, నీడ, గరుకుదనం అన్నీ ఆ తేడాలోనే ఉంటాయి. తమాషా ఏంటంటే ఇదంతా జరిగాక కూడా హిస్టోగ్రామ్ ‘అంతా బాగుంది’ అంటుంది. మామూలు హిస్టోగ్రామ్ చూపించేది ప్రకాశం. ఆ లెక్కలో వాడుకలో ఉన్న ఒక పాత సూత్రం ప్రకారం ఆకుపచ్చకి 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 శాతం విలువ. ఎరుపు నిండి పొర్లుతున్నా సగటు బాగానే కనిపిస్తుంది. సగటు మార్కులు చూసి క్లాసులో అందరూ పాసయ్యారని అనుకున్నట్టు.

కాబట్టి కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపించే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి. ఫోన్ అయితే కుప్పలో ఎండ పడుతున్న వైపు వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగి కొంచెం చీకటి చేయండి. తెర మీద కొమ్ముల ముడతలు విడివిడిగా కనిపించేంత వరకూ. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ మైనస్ రెండు బై మూడు నుంచి మైనస్ ఒకటి మధ్య మొదలుపెట్టండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. ఫ్రేము నిండా పసుపే ఉంటే ‘ఇదేదో లైటు తేడా’ అనుకుని కెమెరా నీలం కలుపుతుంది, మనుషుల ముఖాలు పాలిపోతాయి. డేలైట్‌లో పెట్టి వదిలేయండి. రా ఫార్మాట్‌లో తీస్తే ఇది తర్వాత కూడా మార్చుకోవచ్చు.

సిద్ధులగుట్ట మీద దీనికి తలకిందులు. కెమెరా మీటర్ ఏ సీన్ చూసినా దాన్ని సగటు బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్ల బండలుంటే ‘అయ్యో చీకటి’ అనుకుని వెలుతురు పెంచుతుంది. బండలు బూడిదవుతాయి, పైన ఆకాశం తెల్ల కాగితమవుతుంది. అక్కడా ఎక్స్‌పోజర్ తగ్గించాల్సిందే, కాకపోతే కారణం వేరు. డిజిటల్‌లో తెల్లగా కాలిపోయింది తిరిగి రాదు, నీడలో దాక్కున్నది చాలావరకు లేపితే లేస్తుంది. ముందు ఆకాశాన్ని కాపాడుకుంటే చాలు.

ఎడిటింగ్ దగ్గర నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు కల్లంలోంచి అడిగి రెండు కొమ్ములు తెచ్చుకుంటాను. ఒకటి ఉన్నది ఉన్నట్టు, ఒకటి విరిచి. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ పక్కన తెల్ల కాగితం మీద పెట్టుకుని, తెర మీది రంగునీ దాన్నీ మార్చి మార్చి చూస్తాను. ఎడిటింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకి కన్ను అలవాటు పడిపోయి ఎంత గాఢమైన రంగైనా మామూలుగానే కనిపిస్తుంది. ఎదురుగా అసలు వస్తువు ఉంటే అది ఒప్పుకోదు. పసుపు పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో లాంటివి కలిపేవాళ్లుంటారు, పట్టుబడిన కేసులు పేపర్లో చదువుతుంటాం. రంగు చూసి ధర కట్టే సరుక్కి రంగు పూయడం అది. ఫొటోకి ఎంత పూసినా ఎవరి ఆరోగ్యమూ పాడు కాదు, నిజమే. కానీ అసలు కొమ్ము రంగు ఎలా ఉంటుందో చూడని వాళ్లకి ఆ ఫొటోయే పసుపు. తర్వాత వాళ్లు దుకాణంలో అడిగేదీ ఆ రంగే.

కల్లం దగ్గర రంగు కంటే నాకు ఎక్కువ నచ్చేది ఆవిరి. ఇదివరకు పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా ఆవిరి బాయిలర్లు. జనవరి చలిలో పొద్దున్నే బాయిలర్ మూత తీస్తే లేచే ఆవిరి తెల్లటి తెరలా ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి రెండు షరతులు. వెలుతురు ఆవిరి వెనక నుంచి రావాలి, వెనకాల నేపథ్యం ముదురుగా ఉండాలి. సూర్యుణ్ని మీ వీపు వైపు పెట్టుకుంటే ఆవిరి సగం మాయం. చుట్టూ నడిచి, సూర్యుడు బాయిలర్‌కి అవతల, కాస్త పక్కగా వచ్చేలా, ఆవిరి వెనక నీడలో ఉన్న చెట్టో గోడో వచ్చేలా నిలబడండి. లెన్స్ మీద నేరుగా ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టండి. అదే ఆవిరి, అదే బాయిలర్, ఇరవై అడుగుల తేడాలో వేరే ఫొటో.

అయితే అక్కడ నిలబడేముందు అడగండి. కల్లం ఒకరిది, పని చేస్తున్నది ఇంకొకరు. తవ్వకాల్లో, ఏరడంలో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు, అది రోజు కూలి పని. ‘అక్కా, కాస్త ఇటు తిరగండి, బుట్ట నెత్తిన పెట్టుకోండి’ అని పోజులు పెట్టించే ఫొటోగ్రాఫర్లని చూశాను. బుట్ట బరువు కెమెరా బరువు కాదు. పని ఆగకుండా మనం చోటు మార్చుకోవాలి. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకి మనుషులు ‘స్కేల్ కోసం’ ఫ్రేములో ఒక చుక్క అవుతారు. ఇక్కడి చేలల్లో ఆ చుక్కకి ఓ చరిత్ర ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి పోటీ చేసింది 185 మంది. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని వేసిన నామినేషన్లవి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడికించి, ఎండబెడితే అయిదు కిలోల పచ్చి పసుపుకి మిగిలేది సుమారు ఒక కిలో. ఆ కిలోని నిజామాబాద్ యార్డుకో, ధర బాగుందంటే మహారాష్ట్రలోని సాంగ్లీకో తీసుకెళ్లాలి. ఇవి తెలిసి నిలబడితే ఫొటో మారుతుందా అంటే, మారుతుంది. ఎక్కడ నిలబడాలి, దేని కోసం ఆగాలి అనేది మారుతుంది.

మార్చి మబ్బుల సంగతే చూడండి. ఫొటోగ్రఫీ పుస్తకాల్లో ‘డ్రమాటిక్ స్కై’ అంటారే, అది ఇక్కడ సరిగ్గా కల్లాల కాలంలోనే వస్తుంది. ఒక వైపు నల్లమబ్బు, ఇంకో వైపు సందులోంచి పడమటి ఎండ, కింద ఆరబోసిన పసుపు. ల్యాండ్‌స్కేప్ వాళ్లు ఏడాదంతా ఎదురుచూసే వెలుతురు. అదే నిమిషంలో కల్లం వాళ్లు టార్పాలిన్లు పట్టుకుని పరుగెడుతుంటారు. ఉడికిన పసుపు తడిస్తే నల్లబడుతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. రెండేళ్ల కిందట మా చుట్టాల కల్లంలో నేనున్నప్పుడు సరిగ్గా ఇదే వచ్చింది. “కెమెరా ఆడ పెట్టి ఇటు మూల పట్టు బిడ్డా” అని పెద్దమ్మ కేకేసింది. పట్టాను. ఇరవై నిమిషాలు, నాలుగు టార్పాలిన్లు, అంచుల మీద రాళ్లు. ఆ ఆకాశం ఫొటో నా దగ్గర లేదు. వాన వెలిశాక తీసింది ఒకటుంది. నీలం టార్పాలిన్ గుంటలో నిలిచిన నీళ్లు, అందులో తేటపడుతున్న ఆకాశం, ఒక అంచు ఎత్తి లోపలి కొమ్ములు తడిశాయా అని తడిమి చూస్తున్న చెయ్యి. గుట్ట దూరంగా, మసకగా. నా ల్యాండ్‌స్కేప్‌లలో చూసిన వాళ్లు ఎక్కువసేపు ఆగేది దాని దగ్గరే. అందులో పసుపు రంగు ఒక మూల కొంచెమే ఉంది.

ఫొటో నిలబడిందా లేదా అని చూసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. రంగు తీసేయడం. స్నాప్‌సీడ్‌లోనో ఫోన్ గ్యాలరీలోనో ఒక్క నొక్కుతో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగు పోయాక కూడా కన్ను ఒక చోట ఆగుతోందా? వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలుస్తోందా? ముందున్నదీ వెనకున్నదీ విడివిడిగా ఉన్నాయా? ఉంటే రంగు వెనక్కి తెచ్చుకోండి. లేకపోతే ఆ ఫొటోని మోస్తున్నది పసుపు రంగొక్కటే. ఈ 63వ నంబర్ రోడ్డు మీదే ముందుకెళ్తే కోరుట్ల వస్తుంది. పిక్టోరియల్ ఫొటోగ్రఫీలో పెద్ద పేరు తెచ్చుకున్న రాజన్ బాబు పుట్టిన ఊరు. 2011లో పోయారు. ఆయన బ్లాక్ అండ్ వైట్ పనులు దొరికితే చూడండి, రంగు లేకుండా వెలుతురు ఎంత పని చేయగలదో తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. ఆయన కాలంలో ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు పలక. వెంట తెచ్చుకున్నవి అయిపోతే ఆ రోజుకి పని అయిపోయినట్టే. మన ఫోన్‌లో రెండు వందలు తీసినా తరగదు, అందుకే ఒక్కటి తీసేముందు కూడా ఆలోచించం.

ఈ వారాంతానికి పని ఇదీ. మీ ఊళ్లో ఒక్క చోటు ఎంచుకోండి. ఆర్మూరే కానక్కర్లేదు, గోడ మీంచి కనిపించే చెరువు గట్టయినా సరే. శనివారం సాయంత్రం వెళ్లి ఫొటో తీయకుండా అరగంట నిలబడి, స్తంభాలెక్కడ, నీడ ఎటు, ఎవరు ఏ పని మీద వచ్చిపోతున్నారో చూడండి. ఆదివారం పొద్దు పొడవక ముందే అదే చోటికి వెళ్లండి. పన్నెండు ఫొటోలే, ఒక్కటీ ఎక్కువ కాదు. ప్రతిదానికీ ముందు ఆ ఒక్క వాక్యం పైకి చెప్పండి. ఇంటికొచ్చాక పన్నెండింటినీ బ్లాక్ అండ్ వైట్ చేసి, నిలబడనివి తీసి పక్కన పెట్టండి. రెండు మిగిలితే మంచి రోజు. సాచురేషన్ స్లైడర్ ఆ రెండింటికీ సున్నాలోనే ఉండనివ్వండి. పక్కన వంటింట్లోంచి తెచ్చిన పసుపు కొమ్ము ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. డబ్బాలో పొడి కాదు, కొమ్ము.